పాయింట్ల మూత మీది స్క్రూ

గవర్రాజు మేస్త్రిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన అడిగినవాడి మొహం చూడడు, చేతులు చూస్తాడు. తరవాత ఆ చేతుల్లో ఏదో ఒకటి పెడతాడు. జవాబు నోటితో చెప్పడం ఆయనకు అలవాటు లేదు. ఒకసారి ఎవరో కుర్రవాడు, కార్బొరేటరు ఎందుకు పొంగుతోందని అడిగాడు. మేస్త్రి ఒక పాత గుడ్డముక్క ఇచ్చి, కార్బొరేటరు గిన్నె విప్పి లోపల తుడవమన్నాడు. వాడు సణుక్కుంటూ తుడిచాడు. తుడుస్తుంటే ఇసుక రేణువొకటి వేలికి తగిలింది. ఆ తరవాత వాడు ఆ ప్రశ్న ఎవర్నీ అడగలేదు.

ఆయన షెడ్డు విశాఖపట్నంలో, పూర్ణా మార్కెట్ వెనక సందులో ఉంది. పాత జపాన్ మోటారు సైకిళ్ళు తప్ప ఆయన మరొకటి ముట్టుకోడు. నా స్కూటరొక్కటి మినహాయింపు. దాన్ని కూడా ప్రేమతో కాదు, నా మీద జాలితో బాగుచేస్తాడు. పోర్టు ఆఫీసులో రిటైరయిన దగ్గర్నుంచి నేను రోజూ పొద్దున్నే అక్కడికి వెళ్ళి, ఒక లారీ టైరు మీద కూర్చుని పేపరు చదువుతాను. అందుచేత ఆ షెడ్డులో జరిగినవన్నీ నాకు తెలుసు. జరగనివి కూడా కొన్ని తెలుసు, కానీ ఇప్పుడు చెప్పబోయేది జరిగిందే.

మేస్త్రికి ఉన్న ఒకే ఒక శిష్యుడు ధనుంజయ. వయసు ముప్ఫై. పాలిటెక్నిక్ చదివి, ఫ్యాక్టరీ ఉద్యోగం వదులుకుని, తొమ్మిదేళ్ళుగా ఈ గ్రీజులో పడి ఉన్నాడు. పనిమంతుడు. ఆ మాట అతనికీ తెలుసు. పాత బళ్ళ ప్రదర్శనలో అతను తయారుచేసిన రెండు బళ్ళకు బహుమతులొచ్చాయి. బిస్కెట్ డబ్బాల్లో, మందుసీసాల్లో, జపాన్ నుంచి వచ్చిన చిన్నచిన్న సామాన్లు పేర్లు రాసి దాచుకుంటాడు. కొత్తవి, ఎప్పుడూ బండికి ఎక్కనివి. వాటిని అప్పుడప్పుడు విప్పి చూసుకుని మళ్ళీ మూసేస్తాడు. ఇంట్లో బంగారం ఉన్న ఆడవాళ్ళు కూడా అంత తరచుగా చూసుకోరు.

ఒక శుక్రవారం అతను పని మధ్యలో చేతులు తుడుచుకుని మేస్త్రి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"గురూగారూ, ఒక్క మాట సెప్పీండి. నాను పనివాణ్ణయ్యేనా, లేదా?"

ఉన్నట్టుండి ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో నాకు తెలుసు. భీమిలిలో సుగుణ సిస్టర్ తన బండిని ఇచ్చేస్తున్నారని ఊళ్ళో పాత బళ్ళ పిచ్చి ఉన్నవాళ్ళందరికీ అప్పటికే తెలిసిపోయింది.

సిస్టరంటే సర్కారు ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయిన మనిషి. ఎనభయ్యేళ్ళకు దగ్గరపడ్డారు. పెళ్ళి చేసుకోలేదు. ఆవిడ తమ్ముడు ఓడల మీద ఇంజను గదిలో పనిచేసేవాడు. డెబ్బై మూడులో ఒక హోండా బండి, నూట డెబ్బై అయిదు సీసీది, జంట సిలిండర్లది, కెంపు రంగుది, అక్కకోసం యోకహామాలో ఓడెక్కించి విశాఖ రేవులో దించాడు. తెల్లచీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, మందుల సంచి వెనక కట్టుకుని, ఆవిడ ఆ బండి మీద చేపలుప్పాడ, మంగమారిపేట, ఆ తీరం పొడుగునా ఉన్న పల్లెలన్నీ తిరిగారు. ఎన్ని పురుళ్ళు పోశారో ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. ఆ పల్లెల్లో ఇప్పటికీ ఆ బండి చప్పుడు గుర్తుపట్టే ముసలమ్మలున్నారు. మోకాళ్ళు పట్టేశాక బండెక్కడం మానారు గానీ, రోజూ సాయంత్రం నూనెగుడ్డతో తుడవడం మానలేదు. సముద్రపు గాలి అలాంటిది. వారం రోజులు తుడవకపోతే మెరిసే రేకు మీద బియ్యపుగింజంత తుప్పు మచ్చ లేస్తుంది. ఇప్పుడు వేళ్ళ కణుపులు వాచి గుడ్డ పిండలేకపోతున్నారు. అందుకని ఇచ్చేయడానికి సిద్ధపడ్డారు.

కొనడానికి వచ్చినవాళ్ళు తక్కువమంది కారు. హైదరాబాదు హోటలాయన ఒకరు బంగారు రంగు వేయించి మెట్ల దగ్గర నిలబెడతానన్నారట. సిస్టర్ ఆయనకు మజ్జిగ ఇచ్చి పంపేశారు. ఇంకొకాయన, చక్రాలు మార్చి, సైలెన్సరు మార్చి, సీటు కోసి, కుర్రకారు మోజు పడేలా చేస్తానన్నాడు. ఆయనకు మజ్జిగ కూడా ఇవ్వలేదు. బండి సంగతి తెలిసినవాళ్ళందరికీ సిస్టర్ చెప్పింది ఒకే మాట. గవర్రాజు ఎవర్ని తీసుకొస్తే వాళ్ళకే.

మరి గవర్రాజే తీసుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. ఆవిడ మొదట ఇస్తానన్నది ఆయనకే. "నాకరవై అయిదొచ్చీసేయి బాబుగారూ. నాకిస్తే పదేళ్ళకి మళ్ళీ ఇదే ఎతుకులాట," అన్నాడు. పనివాడు తన కోరికని కూడా అలా కొలత పెట్టి చూసుకోవడం నాకు గొప్పగా అనిపించింది.

ధనుంజయ ఆ బండిని మొదటిసారి చూసింది తొమ్మిదేళ్ళ కిందట. మేస్త్రి దాన్ని ఆరు నెలలకోసారి ఇంజను కదలడం కోసం బీచి రోడ్డు మీద నడిపి తెచ్చేవాడు. విప్పి చూసేది మాత్రం సిస్టర్ వరండాలోనే, ఒంటరిగా. అతను ఫ్యాక్టరీ ఉద్యోగం వదిలింది ఆ బండిని చూసిన వారంలోనే అని వాళ్ళమ్మ ఇప్పటికీ తిడుతుంది. కాబట్టి శుక్రవారంనాటి ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయి. నేను పనివాణ్ణా అన్నది పైకి వినపడింది. ఆ బండి నాకు ఇప్పిస్తారా అన్నది గొంతులో ఆగింది.

మేస్త్రి అతని చేతులు చూశాడు.

"ఆదోరం ప్రార్థన అయినాక సిస్టరమ్మ ఖాళీగా ఉంటారు. ఎల్దాం. బస్సులో ఎల్దాం," అన్నాడు. నా వైపు తిరిగి, "మీరూ రండి బాబుగారూ, ఇంట్లో కూకుని సేసేదేటుంది?" అన్నాడు. ఉన్న మాటే కాబట్టి నేను నొచ్చుకోలేదు.

ఆదివారం పదకొండు గంటలకు భీమిలి చేరాం. డచ్చి సమాధుల వైపు పోయే వీధిలో సిస్టర్ ఇల్లు. చిన్న పెంకుటిల్లు, ముందు వరండా. వరండాలో ఒక పాత తెల్లచీర కప్పుకుని బండి నిలబడి ఉంది. సిస్టర్ సన్నగా, నిటారుగా, చేతికర్ర ఉన్నా దాని మీద ఆనకుండా నిలబడి ఉన్నారు. చేతికర్ర మనుషుల్ని అదిలించడానికే గానీ నడవడానికి కాదేమో అనుకున్నాను.

"ఇతనేనా?" అన్నారు.

"ఈడేనమ్మా," అన్నాడు మేస్త్రి. అంతకంటే సిఫారసు చెయ్యలేదు. ఒక స్తంభానికి ఆనుకుని కూర్చుని చుట్ట తీశాడు గానీ, సిస్టర్ చూశారని మళ్ళీ జేబులో పెట్టేశాడు.

ధనుంజయ చీర తీశాడు. తీసి, నేల మీద పడెయ్యకుండా నాలుగు మడతలు వేసి కుర్చీలో పెట్టాడు. ఆ తరవాత ఒక గంటసేపు అతను చేసిన పరీక్ష నేను నా జన్మలో చూడలేదు. డాక్టర్లు మనుషుల్ని అంత శ్రద్ధగా చూస్తే మనలో చాలామంది ఇంకా బతికి ఉండేవాళ్ళం. మొదట ఫ్రేము మీది నంబరూ ఇంజను మీది నంబరూ కాగితంతో సరిచూశాడు. అద్దం పెట్టి పెట్రోలు ట్యాంకు అడుగు చూశాడు. అక్కడ ఫ్యాక్టరీలో కారి గట్టిపడిన రంగు బొట్టు అలాగే ఉంది. అంటే ఆ రంగు మీద ఇంకో రంగు పడలేదన్నమాట. ట్యాంకు పక్కల చీర రాసుకుని రాసుకుని కెంపు రంగు కాస్త వెలిసి ఉంది. అక్కడ అతను వేలితో తాకలేదు, చూసి ఊరుకున్నాడు. సీటెత్తాడు. లోపల జపాన్ అక్షరాల కాగితం ఇంకా అతుక్కునే ఉంది. దాని పక్కన బూడిదరంగు గుడ్డసంచిలో బండితో వచ్చిన పనిముట్లు ఉన్నాయి. స్పానర్లు, ప్లగ్గు స్పానరు, చెక్కపిడి స్క్రూడ్రైవరు, ఒక్కటీ తక్కువ కాలేదు. అతను ఆ సంచిని రెండు చేతులా ఎత్తి మేస్త్రికి చూపించాడు.

"గురూగారూ, ఒక్కటీ పోలేదండీ."

"పోవెందుకు? ఎవరికీ అరువివ్వలేదు," అన్నారు సిస్టర్.

చివరగా అతను ఇంజను పక్కన కూలబడి స్క్రూలు చూడడం మొదలుపెట్టాడు. ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. జపాన్ స్క్రూల తల మీద ఉండే ప్లస్సు గాడి చూడ్డానికి మన బజారు స్క్రూల గాడిలాగే ఉంటుంది. మన స్టార్ స్క్రూడ్రైవరు దాంట్లో కూర్చున్నట్టే ఉంటుంది కూడా. కానీ నిజంగా కూర్చోదు. గట్టిగా తిప్పితే పైకి లేచి జారి, గాడిని కొరికేస్తుంది. ఆ దేశపు స్క్రూడ్రైవరే దానికి సరిపోతుంది. జపాన్ స్క్రూ అని తెలియడానికి చాలావాటి తల మీద సూదిమొనంత చుక్క ఉంటుంది. పాత బండి కొనేవాడు రంగు చూసి మోసపోవచ్చు, మెరుపు చూసి మోసపోవచ్చు గానీ, స్క్రూ తలలు చూస్తే ఆ ఇంజను మీద ఎవరి చేతులు పడ్డాయో ఇట్టే తెలిసిపోతుంది. ఇది మేస్త్రి నేర్పిన పాఠమే.

ధనుంజయ ఒక్కొక్క స్క్రూ మీదా టార్చి వేసుకుంటూ లెక్కపెడుతున్నాడు. ఇరవై రెండు లెక్కపెట్టాడు. ఇరవై రెంటికీ చుక్కలున్నాయి, గాడులు నిన్న ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టున్నాయి. ఇరవై మూడోది పాయింట్ల మూత మీది కింది స్క్రూ. పాయింట్లంటే ప్లగ్గులకు నిప్పు అందించే చిన్న భాగం. దాని మీద గుండ్రటి మూత, ఆ మూతకు రెండు స్క్రూలు. పైది చక్కగా ఉంది. కిందిదాని గాడి మూడు వైపులా చెక్కుకుపోయి, ఒక్క వైపే మిగిలి ఉంది.

అతను టార్చి దించి లేచి నిలబడ్డాడు. బాధా కోపమూ కలిసి మొహం ఎర్రబడింది.

"ఎవడో చేతకాని ఎదవ దీన్ని పాడుసేసేడు గురూగారూ! ఇంత బండి పట్టుకుని, బజారు స్క్రూడ్రైవరెట్టి తిప్పీసేడు. ఆడి చెయ్యిరగ్గొట్టాల!"

మేస్త్రి తలెత్తి పెంకులకేసి చూస్తున్నాడు. సిస్టర్ చేతికర్ర గోడకు ఆనించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అది నవ్వని కాసేపటికి గానీ నాకు అర్థం కాలేదు.

"ఆ వెధవ నీ వెనకాలే కూర్చున్నాడు నాయనా," అన్నారు ఆవిడ.

ధనుంజయ వెనక్కి తిరిగి చూడలేదు. తిరగడానికి ధైర్యం చాలి ఉండదు.

ఆ కథ చెప్పింది సిస్టరే. డెబ్బై తొమ్మిది వేసవిలో, మిట్టమధ్యాహ్నం, మంగమారిపేట దాటాక బండి ఆగిపోయింది. పల్లెలో ఒక ఇల్లాలికి నొప్పులొస్తున్నాయని కబురు. రోడ్డు మీద నరపురుగు లేదు. అంతలో సైకిలు మీద ఒక పంతొమ్మిదేళ్ళవాడు వచ్చాడు. జేబులో స్టార్ స్క్రూడ్రైవరు పెన్నులాగా పెట్టుకుని ఉన్నాడు. ఆటో షెడ్డులో చేరి నాలుగు నెలలయిందట. తానే మెకానిక్కునని చెప్పాడు.

"పనిముట్లు సీటు కిందున్నాయి బాబూ, తియ్యనా అన్నాను. 'నాకు తెల్సమ్మా' అన్నాడు. ఇదిగో, ఈ మాట అంటూనే జర్రున జారింది. మళ్ళీ నొక్కి తిప్పాడు, మళ్ళీ జారింది. మూడోసారికి గాడి ఇలా తయారైంది. చివరికి ఎలాగో ఊడింది లెండి. పాయింట్లు రుద్దాడు, బండి కదిలింది. నేను వేళకి వెళ్ళాను, బిడ్డా తల్లీ బాగానే ఉన్నారు. అది వేరే సంగతి. తిరిగి వచ్చేటప్పటికి ఇతను అక్కడే రోడ్డు పక్కన కూర్చుని ఉన్నాడు, మూడు గంటల నుంచి. 'అమ్మా, సీటు కింది స్క్రూడ్రైవరు ఒకసారి చూపించండి' అన్నాడు. చూశాడు, గాడిలో పెట్టి చూశాడు. ఇంక నోరెత్తలేదు."

ధనుంజయ మొహంలో నెత్తురు చుక్క లేదు. గురువును ఆయన ఎదురుగానే వెధవ అన్న శిష్యుడు ఏ శాస్త్రంలోనూ బాగుపడినట్టు లేదు. అతను చొక్కా జేబులోంచి ఒక చిన్న మందుసీసా తీశాడు. దాంట్లో దూది మధ్య ఒక స్క్రూ ఉంది. సరిగ్గా ఆ కొలతదే. తల మీద చుక్క ఉంది, ఎప్పుడూ బండికి ఎక్కనిది. ఆ బండికేదైనా అవసరమొస్తే పనికొస్తుందని ఎన్నేళ్ళనుంచో దాచిపెట్టుకుని, ఆ ఉదయం జేబులో వేసుకొచ్చాడు.

"గురూగారూ, తప్పయిపోయింది. ఇది జపాన్‌దే. ఇప్పుడే మార్చీస్తాను. ఆ మచ్చ ఉండదు. బండి మొత్తం ఒరిజినలయిపోతాది."

మేస్త్రి లేచి వచ్చి సీసాలోంచి స్క్రూ అరచేతిలో వేసుకున్నాడు. ఎండకు పెట్టి చూశాడు. మెచ్చుకున్నట్టు తలూపాడు. మళ్ళీ దూదిలో పెట్టి, మూత బిగించి, శిష్యుడి జేబులో వేశాడు.

"మంచి స్క్రూ. దాసుకో."

"ఎన్నిసార్లు మార్చమన్నానో తెలుసా?" అన్నారు సిస్టర్. "ఓడ మీంచి మా తమ్ముడు గుప్పెడు తెచ్చిచ్చాడు. తీసుకోడు. వద్దంటాడు."

మేస్త్రి కూర్చున్నాడు. ఆయన ఇంత మాట్లాడగా నేను వినడం అదే మొదలు, అదే ఆఖరు.

"నలభయ్యారేళ్ళమ్మా. ఏడాదికి రెండుసార్లు ఆ పాయింట్లు చూడాల. అంటే తొంభైసార్లు పైమాటే, ఆ స్క్రూ విప్పేను, బిగించేను. మంచి స్క్రూ అయితే ఎవుడయినా విప్పుతాడు. దీనికి ఉన్నది ఒక్క గాడి. ఆ ఒక్కటీ పోతే ఇంక డ్రిల్లెట్టాల, మూత పోతాది, ఇంజను గోడ పోతాది. తొంభైసార్లు విప్పేను. ఆ మొదటి రోజు తరవాత ఒక్కసారి కూడా జారనివ్వలేదు."

ఆయన ఆ మాట గొప్ప కోసం అనలేదు. కానీ అది గొప్పే. నేను వెంటనే వంగి ఆ స్క్రూ కేసి చూశాను. మూడు వైపులా పాత గాయం నల్లబడి నునుపుదేరి ఉంది. మిగిలిన ఆ ఒక్క గాడీ పదునుగా, అంచు మొక్కవోకుండా ఉంది. తొంభైసార్లు ఉక్కుమొన దిగి లేచిన చోట ఒక్క కొత్త గీత లేదు. షెడ్డు గోడల మీద మేస్త్రికి ఒక్క పటమూ లేదు, ఒక్క బహుమతీ లేదు. ఆయన పని ఎంతటిదో అక్కడ, నా చిటికెనవేలి గోరంత జాగాలో కనపడింది. నాకు కళ్ళు చెమర్చాయి. రోజూ ఆయన పక్కన టైరు మీద కూర్చునే మనిషినైనందుకు ఛాతీ పొంగింది కూడా. దాచుకోవడం ఎందుకు?

సిస్టర్ ధనుంజయ కేసి చూశారు. ఈసారి నవ్వడం లేదు.

"సరే నాయనా. బళ్ళు తెలిసినవాడివే, కళ్ళున్నాయి. ఆ పాయింట్లు ఈ నెల చూడాలి. గవర్రాజు ఇంకా చూడలేదు. ఆ స్క్రూ విప్పి, పాయింట్లు చూసి, మళ్ళీ బిగించు. నీ పని నేను చూడాలి."

ఆవిడ చేతిలో తాళంచెవి ఉంది. ధనుంజయ ఆ తాళంచెవి కేసి ఒక్కసారి చూసి చూపు తిప్పుకున్నాడు. తొమ్మిదేళ్ళుగా అనుకుంటున్నది నాలుగడుగుల దూరంలో ఉంది. ఈ ఒక్క స్క్రూ తిరిగితే అది అతనిది.

అతను బూడిదరంగు సంచిలోంచి చెక్కపిడి స్క్రూడ్రైవరు తీసుకున్నాడు. స్క్రూ మీద రెండు చుక్కలు కిరసనాయిలు వేసి ఆగాడు. ఎంతసేపు ఆగాలో అంతసేపూ ఆగాడు. తొందరపడలేదు. మొన గాడిలో పెట్టి, పిడి మీద అరచేత్తో ఒక్క దెబ్బ, మెల్లగా. ఆ తరవాత భుజం బరువంతా పిడి మీద మోపి, వేళ్ళతో తిప్పబోయాడు. అన్నీ గురువు చేసినట్టే చేశాడు. మేస్త్రి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఈసారి పెంకులు చూడడం లేదు, శిష్యుడి వేళ్ళనే చూస్తున్నాడు.

ధనుంజయ చెయ్యి ఆగింది.

మళ్ళీ మొన తీసి, సరిగ్గా పెట్టి, నొక్కాడు. ముంజేతి నరాలు ఉబ్బాయి. చెమట బొట్టు ముక్కు చివర నుంచి జారి మూత మీద పడింది. మళ్ళీ చెయ్యి ఆగింది. వరండా బయట ఎవరో సైకిలు మీద చేపలని కేకేసుకుంటూ పోయారు. చాలాసేపు అతను అలాగే, నొక్కిన భుజంతో, తిప్పని వేళ్ళతో ఉండిపోయాడు. తిప్పరా అని అరవాలనిపించింది నాకు. అరవకుండా నోరు మూసుకున్నందుకు ఆ రోజు నేనూ ఒక పని చేసినట్టే లెక్క.

అతను భుజం ఎత్తాడు. మొన బయటికి తీశాడు. లేచి నిలబడ్డాడు.

"నావల్ల కాదమ్మా," అన్నాడు. "తిప్పితే తిరిగినా తిరుగుతాది. కానీ మొన పైకి లేస్తన్నట్టు నా వేళ్ళకి తెలుస్తంది. జారితే ఆ ఉన్న ఒక్క గాడీ పోతాది. నాను తిప్పను."

అతను జేబురుమాలు తీసి, మూత మీద పడ్డ తన చెమట బొట్టు తుడిచాడు. ఉప్పు కదా, అలాగే వదిలేస్తే సాయంత్రానికి మచ్చ పడుతుంది. తరవాత తన వేలిముద్రలు ఎక్కడెక్కడ పడ్డాయో వెతికి, హ్యాండిలు, ట్యాంకు మూత, అద్దం కాడ, ఒక్కొక్కటీ తుడిచాడు. స్క్రూడ్రైవరు మొనకి నూనె రాసి, సంచిలో దాని అరలో దాన్ని పెట్టి, తాడు కట్టి, సీటు కింద పెట్టాడు. కుర్చీలోని చీర తీసి విదిల్చి బండి మీద కప్పి, కొసలు సర్దాడు. అతని కళ్ళవెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి. చేతులు మాత్రం పని ఆపలేదు. తనది కాకుండా పోయిన బండిని అంత జాగ్రత్తగా కప్పిన మనిషిని నేను ఇంకొకణ్ణి చూడలేదు.

"వస్తానమ్మా," అని చెప్పులు వెతుక్కుంటున్నాడు.

"ఏయ్, ఇలా రా," అన్నారు సిస్టర్. అతను వచ్చాడు. ఆవిడ వాచిన వేళ్ళతో అతని అరచెయ్యి తెరిచి, తాళంచెవి దాంట్లో పెట్టి, తన రెండు చేతులతోనూ మూశారు. "రోజూ సాయంత్రం దీపాలవేళకి తుడవాలి. కొబ్బరినూనె వద్దు, జిగట పడుతుంది. నీకు జ్వరమొచ్చినా సరే, తుడవాలి. నాకు యాభై ఏళ్ళలో జ్వరాలు రాలేదనుకోకు."

ఆవిడ చేతికర్ర అందుకుని, బండి దగ్గరికి నడిచి, చీర మీద నుంచే ట్యాంకు మీద ఒకసారి చెయ్యి వేశారు. వేసి, వెంటనే తీసేశారు. "గవర్రాజూ, మజ్జిగ తెస్తాను, ఈలోగా ఆ పాయింట్లు నువ్వు చూసెయ్యి," అంటూ నిటారుగా లోపలికి వెళ్ళిపోయారు. లోపలికి వెళ్ళాక చాలాసేపు మజ్జిగ రాలేదు.

మేస్త్రి చీర తీసి, పనిముట్ల సంచి అందుకుని, ఇంజను పక్కన గొంతుక్కూర్చున్నాడు. శిష్యుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, అతని చెయ్యి తన చేతి మీద వేయించుకున్నాడు. మొన గాడిలో దిగింది. నాకేమీ కనపడలేదు. ధనుంజయకు మాత్రం ఏదో తెలిసినట్టుంది, ఒక్కసారి ఊపిరి బిగబట్టాడు. చిన్న టిక్కుమనే చప్పుడు. స్క్రూ తిరిగింది, కొత్త గీత పడకుండా. మూత ఊడి వచ్చింది. తొంభై ఒకటో, తొంభై రెండో, ఎన్నోసారో మేస్త్రికే తెలియాలి.

పాయింట్లు రుద్ది, మూత బిగించి, బండి వీధిలోకి దింపాక ధనుంజయ ఇంక ఆగలేకపోయాడు. తాళంచెవి పిడికిట్లో పట్టుకుని గేటు దగ్గర నిలబడిపోయాడు.

"గురూగారూ, నాకర్థం కాలేదు. సిస్టరమ్మ పని సెప్పేరు. నాను సెయ్యలేదు. మరి నాకెందుకిచ్చేరు? నన్నెందుకు తెచ్చేరు?"

గవర్రాజు మేస్త్రి చుట్ట వెలిగించుకున్నాడు. శిష్యుడి చేతుల కేసి కాదు, ఆ రోజు ఒక్కసారి మొహం కేసి చూశాడు. చూస్తుంటే ఆయన మొహం విచ్చుకుంది. సొంతకొడుకు పరీక్ష పాసైన తండ్రి మొహంలో కూడా అంత గర్వం నేను చూడలేదు.

"ఆ వేళ నా వేళ్ళకీ తెలిసిందిరా, మొన లేస్తన్నాదని," అన్నాడు. "నాను ఆగలేదు."